ఇంజినీరింగ్ ప్రాజెక్టులకు పరాయి యంత్రాల మీద పరీక్ష జరగాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

విశాఖపట్నంలో భారీ డేటా సెంటర్ నెలకొల్పుతామని, అందుకు ఐదేళ్ళలో సుమారు 1,500 కోట్ల డాలర్లు వెచ్చిస్తామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అప్పటి నుంచి నగర భవిష్యత్తు గురించి మీ పత్రికలోనూ ఇతర పత్రికలలోనూ వార్తలు, వ్యాసాలు విరివిగా వస్తున్నాయి. భూములు, నీరు, కరెంటు, ఉద్యోగాల సంఖ్య, వీటన్నిటి మీద చర్చ జరగవలసిందే. అయితే ఆ ఉద్యోగాల మీద ఆశ పెట్టుకున్న మన ప్రాంతపు ఇంజినీరింగ్ విద్యార్థులు కోడ్ రాసే విషయంలో ఎలాంటి అలవాట్లతో కాలేజీ గడప దాటుతున్నారన్న దాని మీద ఒక్క పేరా అయినా నా కంట పడలేదు. రుషికొండ ఐటీ కొండల మీద ఒక కంపెనీలో పనిచేస్తూ, తీరిక వేళల్లో కొందరు మిత్రులతో కలిసి తెలుగు పాఠాన్ని సరిచూసే ఒక చిన్న ఓపెన్‌సోర్స్ లైబ్రరీ (ఎవరైనా చూసి తమ ప్రోగ్రాములలో వాడుకోగల కోడ్) బాధ్యత చూస్తున్నవాడిగా ఈ లోటు గురించి రాస్తున్నాను.

చివరి సంవత్సరం ప్రాజెక్టు వైవా ఎలా జరుగుతుందో ఇంట్లో ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న వారందరికీ తెలుసు. నలుగురైదుగురు విద్యార్థుల బ్యాచ్, వారిలో కోడ్ బాగా రాయగల ఒకరి ల్యాప్‌టాప్, బైండింగ్ చేయించిన రికార్డు, ఒక పీపీటీ. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఎదుట ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాం నడిస్తే ప్రాజెక్టు పూర్తయినట్టే. అదే కోడ్‌ను పక్కనున్న ల్యాబ్ కంప్యూటర్‌లోకి ఎక్కించి మొదటి నుంచి బిల్డ్ చేసి (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చి) చూపించమని అడిగే ఎగ్జామినర్లు బహు తక్కువ. రికార్డులో టెస్టింగ్ పేరిట ఒక అధ్యాయం తప్పకుండా ఉంటుంది. యూనిట్ టెస్టింగ్, ఇంటిగ్రేషన్ టెస్టింగ్, సిస్టమ్ టెస్టింగ్ అంటూ నిర్వచనాలు సీనియర్ల రికార్డులో ఉన్న మాటలతోనే అందులో దిగుతాయి. ఆ టెస్టులు ఏ యంత్రం మీద నడిచాయో, ఎన్ని తప్పాయో మాత్రం వెతికినా కనిపించదు.

కోడ్ రిపాజిటరీలో (మార్పులన్నీ నమోదయ్యే కోడ్ భాండాగారంలో) చేరిన ప్రతిసారీ దానంతట అదే బిల్డ్ అయ్యేలా, కనీసం విండోస్, లైనక్స్, మ్యాక్ మూడింటి మీదా టెస్టులు నడిచేలా విద్యార్థులే ఏర్పాటు చేసుకుని, ఆ ఫలితాల నివేదికను వైవాకు ముందు సమర్పించాలని విశ్వవిద్యాలయాలు నిబంధన పెట్టాలన్నది నా విన్నపం. నలుగురికీ చూపించే వెబ్‌సైటు ప్రాజెక్టులకు ఇందులో కొంత సడలింపు ఇచ్చినా ఫరవాలేదు గానీ, లైబ్రరీలకు మాత్రం ఇవ్వకూడదు. లైబ్రరీ అన్నది వేరే ప్రోగ్రాములు తమలో కలుపుకుని పని చేయించుకునే కోడ్. దానిని రాసినవారు ఎవరి కంప్యూటర్‌లో అది నడవబోతోందో ముందుగా చూడలేరు. మధురవాడలో రాసిన లైబ్రరీని శ్రీకాకుళంలో పాత విండోస్ మీద నడిచే డీటీపీ సెంటర్ వాడవచ్చు, బెంగళూరులో లైనక్స్ సర్వరు వాడవచ్చు, అమెరికాలో ఒక తెలుగు కుటుంబం మ్యాక్ మీద వాడవచ్చు.

కంటిన్యువస్ ఇంటిగ్రేషన్ (సీఐ) అని పిలిచే ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1990ల చివరలో ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పేరుతో వచ్చిన ఉద్యమం దీనికి ప్రాచుర్యం తెచ్చింది. నేటికీ చాలా కంపెనీలలో వినిపించే జెన్కిన్స్ అనే సాధనం అంతకు ముందు హడ్సన్ అనే పేరుతో ఉండి 2011లో ఇప్పటి పేరు పెట్టుకుంది. నడిచే తీరు కూడా సులువే. రిపాజిటరీలో కొత్త మార్పు చేరగానే ఈ సేవ అందించే సంస్థ అప్పటికప్పుడు ఒక ఖాళీ వర్చువల్ యంత్రాన్ని (సాఫ్ట్‌వేర్‌తో ఏర్పడే తాత్కాలిక కంప్యూటరును) సృష్టిస్తుంది, కోడ్‌ను అందులోకి దించుకుంటుంది, మనం చెప్పిన పరికరాలను మాత్రమే ఇన్‌స్టాల్ చేస్తుంది, కంపైల్ చేస్తుంది, టెస్టులు నడుపుతుంది, ఫలితం రాసిపెట్టి ఆ యంత్రాన్ని చెరిపేస్తుంది. ఇందులో అసలు విలువ ఆ ఖాళీ యంత్రానిదే. సొంత ల్యాప్‌టాప్‌లో ఏడాది క్రితం వేరే పనికోసం ఇన్‌స్టాల్ చేసిన ఏదో ప్యాకేజీ మీద మన కోడ్ ఆధారపడి ఉంటే ఆ సంగతి మనకు ఎప్పటికీ తెలియదు. ఖాళీ యంత్రం ఆ లోపాన్ని మొదటి నిమిషంలోనే బయటపెడుతుంది. మన హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిన ఓడను కూడా నీళ్ళలోకి దించిన రోజునే యజమానికి అప్పగించరు కదా, సముద్రంలో నడిపి చూసిన తరువాతే అప్పగిస్తారు.

మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎందుకు, విండోస్ ఒక్కటి చాలదా అని అడిగేవారి కోసం కొన్ని ఉదాహరణలు వివరంగా చెప్పవలసి ఉంది. వీటిలో ఎక్కువ భాగం తెలుగు పాఠంతో పనిచేసే కోడ్‌లోనే ఎదురవుతాయి గనుక ఇంగ్లిషు ఉదాహరణలతో రాసిన పాఠ్యపుస్తకాలలో ఇవి దొరకవు.

మొదటిది ఫైలు పేరు. వైజాగ్ అన్న మాటలో వకారానికి ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో (లిపుల అక్షరాలకు, గుర్తులకు కోడ్ సంఖ్యలు కేటాయించే ప్రమాణంలో) రెండు రకాలుగా నిలవ చేయవచ్చు. ఐత్వం మొత్తానికి ఒకే కోడ్ ఇవ్వడం ఒక పద్ధతి, ఎత్వానికి ఒక కోడ్, దాని కింద వచ్చే గుర్తుకు మరొక కోడ్ ఇవ్వడం రెండవ పద్ధతి. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, యూనికోడ్ ప్రమాణం కూడా ఆ రెండూ సమానమేనని చెబుతుంది. కానీ మొదటి పద్ధతిలో ఆ మాట 6 కోడ్‌లు, యూటీఎఫ్-8లో (ఆ కోడ్‌లను బైట్లుగా దాచే పద్ధతిలో) 18 బైట్లు. రెండవ పద్ధతిలో 7 కోడ్‌లు, 21 బైట్లు. ఇప్పుడు ఈ రెండు పేర్లతో ఒకే ఫోల్డరులో రెండు ఫైళ్ళు సృష్టించే చిన్న టెస్టు రాసి చూడండి. లైనక్స్‌లో, విండోస్‌లో రెండు ఫైళ్ళు ఏర్పడతాయి. మ్యాక్‌లో ఇప్పుడు వాడే ఏపీఎఫ్ఎస్ ఫైలు వ్యవస్థ ఆ రెండు పేర్లూ ఒకటేనని భావిస్తుంది గనుక రెండవ ఫైలు మొదటి దానిమీదే పడుతుంది. మా లైబ్రరీకి ఏర్పాటు చేసిన టెస్టుల పట్టికలో ఈ ఒక్క వరుసలో లైనక్స్, విండోస్ గడులు ఆకుపచ్చగా (నెగ్గినట్టు) ఉండి మ్యాక్ గడి ఎర్రగా (తప్పినట్టు) వచ్చింది. మా బృందంలో ఒక్కరి దగ్గరా మ్యాక్ లేదు. ఆ పట్టిక లేకపోతే ఎవరో ఒక వాడుకరి ఫైలు పోగొట్టుకుని మెయిల్ పెట్టే వరకు ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

రెండవది బైట్ల ధన, రుణ గుర్తు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు కోడ్‌కు మూడు బైట్లు పడతాయి. మొదటి బైటు ఎప్పుడూ 224, రెండవది 176 గానీ 177 గానీ అవుతుంది. సీ భాషలో ఒక బైటును దాచే చార్ అనే రకానికి రుణ సంఖ్యలు ఉండాలా వద్దా అన్నది ప్రమాణం కచ్చితంగా చెప్పలేదు, కంపైలరుకు (కోడ్‌ను యంత్ర భాషలోకి మార్చే సాధనానికి), ప్రాసెసరుకు వదిలేసింది. ఇంటెల్ యంత్రాలలో ఉంటాయి గనుక అక్కడ ఆ 224 అన్నది మైనస్ 32గా చదవబడుతుంది. రాస్‌బెరీ పై అనే చిన్న కంప్యూటరు వంటి, ఆర్మ్ రకం ప్రాసెసరు ఉన్న యంత్రాలలో లైనక్స్ నడిపితే అది 224గానే ఉంటుంది. అదే ఆర్మ్ ప్రాసెసరు అయినా యాపిల్ మ్యాక్‌లలో మళ్ళీ మైనస్ 32. బైటు 224తో సమానమైతే అది తెలుగు కావచ్చునని తేల్చే ఒక్క వరుస కోడ్ ఒకచోట సరిగ్గా పనిచేసి ఇంకొకచోట ఒక్క తెలుగు అక్షరాన్నీ గుర్తించదు. కంపైలరు ఎర్రర్ ఇవ్వదు, ప్రోగ్రాం ఆగిపోదు, ఫలితం మాత్రం తప్పుతుంది. పరిష్కారం తేలికే, రుణ సంఖ్యలు లేని రకాన్ని స్పష్టంగా ప్రకటిస్తే సరిపోతుంది. అయితే అది అవసరమని తెలియాలంటే కోడ్ రెండు రకాల ప్రాసెసర్ల మీద నడవాలి. కోడ్ రిపాజిటరీలకు చోటిచ్చే గిట్‌హబ్ సంస్థ బహిరంగ ప్రాజెక్టులకు ఆర్మ్ లైనక్స్ యంత్రాలను 2025 నుంచి ఉచితంగా ఇస్తోంది గనుక ఇప్పుడు దీనికి ఖర్చు కూడా లేదు.

పైథాన్ నేర్చుకునే విద్యార్థులకు మరొక ఎర్రర్ చిరపరిచితం. ఎన్‌కోడింగ్ (యూటీఎఫ్-8 వంటి పద్ధతి) ఏదో చెప్పకుండా ఫైలు తెరిచి అందులో తెలుగు రాయబోతే విండోస్‌లో చార్‌మ్యాప్ కోడెక్ ఈ అక్షరాన్ని ఎన్‌కోడ్ చేయలేదన్న సందేశం వస్తుంది. మన దగ్గర అమ్మే ల్యాప్‌టాప్‌లలో విండోస్ సాధారణంగా 1252 అనే పాశ్చాత్య కోడ్‌పేజీతో (అక్షరాల పట్టికతో) వస్తుంది, అందులో తెలుగు లేదు. అదే కోడ్ లైనక్స్‌లో, మ్యాక్‌లో నిక్షేపంగా నడుస్తుంది. పైథాన్ 3.15 నుంచి యూటీఎఫ్-8నే డీఫాల్టుగా చేయాలని నిర్ణయించారు. అప్పటికీ పాత వెర్షన్లు ల్యాబుల్లో ఏళ్ళ తరబడి ఉంటాయి. కనుక ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు భాష వెర్షన్లను కూడా పట్టికలో చేర్చక తప్పదు.

వెర్షన్ల సంగతికి మంచి ఉదాహరణ నకారపొల్లు. పాత ముద్రణలలో పదాంతంలో కనిపించే ఆ అక్షరానికి యూనికోడ్‌లో 2021లో వచ్చిన 14వ వెర్షన్‌లో చోటు దొరికింది. పైథాన్ 3.10లో యూనికోడ్ 13 పట్టికలే ఉన్నాయి, 3.11లో 14వ వెర్షన్ పట్టికలు వచ్చాయి. ఇది అక్షరమేనా అని అడిగితే 3.10 కాదంటుంది, 3.11 అవునంటుంది. పాత గ్రంథాలను డిజిటైజ్ చేసే పనిలో ఈ తేడా వల్ల పదాలు మధ్యలో విరిగిపోతాయి. ఇంతకంటె పెద్ద చిక్కు అక్షరాల లెక్కలో ఉంది. స్త్రీ అన్న మాట మన దృష్టిలో ఒకే అక్షరం. యూనికోడ్ దృష్టిలో అది 6 కోడ్‌లు, 18 బైట్లు. వాడుకరి కంటికి ఒక యూనిట్‌గా కనిపించే దానిని లెక్కించేందుకు యూనికోడ్ చెప్పిన పాత నియమం ప్రకారం అందులో మూడు ముక్కలు తేలతాయి. 2023లో వచ్చిన 15.1 వెర్షన్ తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయకూడదని నియమాన్ని సవరించింది, కాబట్టి ఇప్పుడు లెక్క ఒకటి. పాత నియమంతో నడిచే యంత్రంలో మూడు, కొత్త నియమంతో నడిచే యంత్రంలో ఒకటి వచ్చే ఫంక్షన్‌ను ఏ దరఖాస్తు ఫారంలోనో పేరు నిడివి చూడటానికి వాడితే జరిగే గందరగోళం ఊహించుకోవచ్చు. ఈ తేడాను లైబ్రరీ రాసినవారు తొలగించలేకపోవచ్చు. కానీ ఫలానా వెర్షన్‌లో ఫలానా సమాధానం వస్తుందని టెస్టులో రాసిపెట్టి, డాక్యుమెంటేషన్‌లో చెప్పగలరు.

పత్రికల వారికి ఉపయోగపడే మరొకటి చెబుతాను. లైనక్స్ సర్వర్లలో ఎక్కువగా వాడే ఎక్స్‌ట్‌4 ఫైలు వ్యవస్థలో ఒక ఫైలు పేరు 255 బైట్లు మించరాదు, అంటే తెలుగులో 85 కోడ్‌లు. విండోస్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో పరిమితి బైట్లలో కాక 16 బిట్ల యూనిట్లలో 255 గనుక తెలుగులో కూడా 255 కోడ్‌ల వరకు పడతాయి. వార్త శీర్షికనే ఫైలు పేరుగా దాచే అలవాటున్న చోట, డెస్కులోని విండోస్ యంత్రం మీద హాయిగా సేవ్ అయిన ఫైలు సర్వరుకు ఎక్కకపోవడానికి ఇదొక కారణం.

ఇవి కాక చిల్లర తేడాలు ఎన్నో ఉన్నాయి. హెడర్ ఫైలు పేరులో పెద్దబడి అక్షరం, చిన్నబడి అక్షరం కలగాపులగం చేస్తే విండోస్, మ్యాక్ మామూలుగా ఊరుకుంటాయి, లైనక్స్ ఊరుకోదు. 64 బిట్ల విండోస్‌లో సీ భాష లాంగ్ రకం 32 బిట్లే, లైనక్స్‌లో 64. వరుస చివరి గుర్తులు విండోస్‌లో రెండు బైట్లు, ఇతరచోట్ల ఒకటి. తేదీలతో పనిచేసే కోడ్‌కు మరో ప్రమాదం ఉంది. మన ల్యాప్‌టాప్‌లు భారత కాలమానంలో ఉంటాయి, టెస్టు యంత్రాలు సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక కాలమానంలో) ఉంటాయి. మన రాత్రి 12 నుంచి తెల్లవారుజామున 5:30 వరకు ఆ యంత్రాలకు ఇంకా నిన్నటి తేదీయే. పంచాంగం ప్రాజెక్టులు చేసే విద్యార్థుల టెస్టులు పగలంతా నెగ్గి రాత్రి తప్పుతుంటే కారణం ఇదే అయి ఉంటుంది.

ఏర్పాటు చేసుకునే విధానం గురించి కొన్ని మాటలు. గిట్‌హబ్ అందించే ఇలాంటి సేవ అయిన గిట్‌హబ్ యాక్షన్స్‌లో బహిరంగ రిపాజిటరీలకు మామూలు యంత్రాలు ఉచితం. లైనక్స్ యంత్రానికి 4 కోర్లు, 16 జీబీ మెమరీ ఇస్తున్నారు, చాలా కాలేజీ ల్యాబులలోని కంప్యూటర్ల కంటె ఇది మెరుగు. రిపాజిటరీలో నిర్ణీత ఫోల్డరులో ఒక యామెల్ ఫైలు (అమరికలు రాసే పాఠం ఫైలు) పెట్టి, ఏ ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ఏ వెర్షన్లు కావాలో మ్యాట్రిక్స్‌గా (పట్టికగా) రాస్తే మిగిలిన పని సేవే చేస్తుంది. యామెల్‌లో ఇండెంటేషన్‌కు ట్యాబ్ వాడకూడదన్నది కొత్తవారు తెలుసుకోవలసిన మొదటి సంగతి. రెండవది ఫెయిల్ ఫాస్ట్ అనే అమరిక. డీఫాల్టుగా అది ఆన్‌లో ఉంటుంది గనుక ఒక యంత్రంలో టెస్టు తప్పగానే మిగిలిన యంత్రాల పనిని కూడా ఆపేస్తుంది. అన్ని ప్లాట్‌ఫారాల పరిస్థితి ఒకేసారి తెలుసుకోవాలన్నదే మన ఉద్దేశం కనుక దానిని ఆఫ్ చేసుకోవాలి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి గట్టిగా చెబుతాను. బిల్డ్ చేసే ఆదేశాలను, టెస్టులను నడిపే ఆదేశాలను ఆ యామెల్ ఫైలులో కుక్కకూడదు. అవి సీమేక్ వంటి బిల్డ్ సాధనంలోనో, మామూలు స్క్రిప్టులోనో ఉండాలి, యామెల్ ఫైలు వాటిని పిలిస్తే చాలు. ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు 2011 నుంచి ఉచితంగా ఇలాంటి సేవలందించిన ట్రావిస్ సీఐ అనే సంస్థ 2020 చివరలో ఉచిత వాడకానికి పరిమితులు విధించినప్పుడు ఎన్నో ప్రాజెక్టులు వేరే చోటికి తరలిపోవలసి వచ్చింది. ఆదేశాలు తమ స్క్రిప్టులలో ఉంచుకున్నవారు త్వరగా మారారు, ఆ సంస్థ ఫైలులోనే అన్నీ రాసుకున్నవారు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. ఈరోజు ఉచితంగా ఇస్తున్న సంస్థ రేపు కూడా ఇస్తుందన్న హామీ ఎవరిచ్చారు? విద్యార్థి సొంత ల్యాప్‌టాప్‌లో కూడా అదే స్క్రిప్టు నడిపి చూసుకోగలగడం దీనివల్ల వచ్చే అదనపు లాభం.

మ్యాట్రిక్స్‌ను అతిగా పెంచడం కూడా మంచిది కాదు. మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, నాలుగు భాష వెర్షన్లు, రెండు కంపైలర్లు అంటేనే 24 పనులు అవుతాయి. ప్రతి చిన్న మార్పుకూ అన్నీ నడిపితే ఫలితం కోసం విద్యార్థి కాచుకుని విసిగి, చివరకు చూడటమే మానేస్తాడు. ప్రతి మార్పుకూ పది నిమిషాలలోపు ముగిసే నాలుగైదు పనులు, రాత్రికి ఒకసారి మొత్తం పట్టిక, ఇది మాకు అనుభవంలో కుదిరిన పద్ధతి. రాత్రి పరీక్ష మన కోడ్ మారకపోయినా అవసరమే, ఎందుకంటే మనం ఆధారపడే ప్యాకేజీలు మారుతూనే ఉంటాయి. అయితే రిపాజిటరీలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే బహిరంగ ప్రాజెక్టులలో ఈ నిర్ణీత వేళ పరీక్షలను గిట్‌హబ్ ఆపేస్తుంది, వేసవి సెలవుల తరువాత చూసుకోవాలి.

ఆకుపచ్చ గుర్తు కనిపించగానే మురిసిపోవడం కూడా ప్రమాదమే. సీమేక్‌తో వచ్చే సీటెస్ట్ తనకు ఒక్క టెస్టు కూడా దొరకకపోయినా డీఫాల్టుగా విజయమనే చెబుతుంది, టెస్టులు లేకపోతే ఎర్రర్ ఇవ్వమని మనమే అడగాలి. పైథాన్‌లో పైటెస్ట్ ఈ విషయంలో నయం, టెస్టులు దొరకకపోతే 5 అనే వైఫల్య సంకేతంతో ఆగుతుంది. అందుచేత ఎగ్జామినర్లు రంగును చూసి ఊరుకోకుండా లాగ్ (జరిగిన పని నమోదు) తెరిచి ఎన్ని టెస్టులు నడిచాయో చదవాలి. వీలైతే ఒక ఫంక్షన్‌లో కావాలని తప్పు చేయించి గుర్తు ఎర్రగా మారుతుందో లేదో అక్కడికక్కడే చూడాలి. రెండు నిమిషాల పని, వైవాలో అడిగే పది ప్రశ్నల కంటె ఎక్కువ చెబుతుంది.

తయారైన లైబ్రరీని ఇతరులకు అందించే దశలో మరొక అవరోధం వస్తుంది. కొత్త ఉబుంటు (ఒక రకం లైనక్స్) మీద కంపైల్ చేసిన లైబ్రరీని పాత లైనక్స్ సర్వరులో పెడితే జీలిబ్‌సీ (లైనక్స్ ప్రోగ్రాములు ఆధారపడే మూల లైబ్రరీ) ఫలానా వెర్షన్ దొరకలేదంటూ లోడ్ అవడానికే నిరాకరిస్తుంది. ఉబుంటు 20.04లో ఉన్నది 2.31, 24.04లో ఉన్నది 2.39. కనుక పాత వ్యవస్థ మీద బిల్డ్ చేసి కొత్తవాటి మీద పరీక్షించాలి తప్ప తలకిందులుగా చేయకూడదు. పైథాన్ ప్యాకేజీల కోసం ఈ పని చేసిపెట్టే సీఐబిల్డ్‌వీల్ అనే ఉచిత సాధనం ఉంది.

అధ్యాపకుల వైపు నుంచి రెండు అభ్యంతరాలు విన్నాను. సిలబస్‌లో ఖాళీ లేదన్నది మొదటిది. దీనికి కొత్త సబ్జెక్టు అక్కరలేదు, ఉన్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ల్యాబులో రెండు మూడు వారాలు సరిపోతాయి. రెండవది భద్రత గురించి, అది తీసివేయదగిన అభ్యంతరం కాదు. 2025 మార్చిలో గిట్‌హబ్ యాక్షన్స్‌లో విరివిగా వాడే ఒక సహాయక మాడ్యూల్‌లోకి దుండగులు చొరబడి, పాస్‌వర్డుల వంటి రహస్య తాళాలు లాగ్‌లలో బయటపడేలా చేశారు. దానిని వాడే రిపాజిటరీలు 23,000కు పైబడి ఉన్నాయి. ఇతరుల మాడ్యూళ్ళను వెర్షన్ పేరుతో కాక మారడానికి వీల్లేని కమిట్ సంఖ్యతో (నమోదైన ఒక్కో మార్పుకు ఉండే గుర్తింపుతో) పేర్కొనడం దీనికి విరుగుడు. కాలేజీ ల్యాబు కంప్యూటర్లనే రన్నర్లుగా (టెస్టులు నడిపే యంత్రాలుగా) మార్చుదామన్న ఆలోచన కొందరికి వస్తుంది. బహిరంగ రిపాజిటరీలకు అలా చేయవద్దని గిట్‌హబ్ స్వయంగా హెచ్చరిస్తోంది, ఎందుకంటే ముక్కూ మొహం తెలియని వ్యక్తి పంపిన పుల్ రిక్వెస్టులోని (మార్పు ప్రతిపాదనలోని) కోడ్ మన ల్యాబు నెట్‌వర్కులో నడిచే అవకాశం ఏర్పడుతుంది.

భద్రత పేరు చెప్పి ఈ పద్ధతినే వద్దనుకోవడం మాత్రం తప్పు దారి. 2024 మార్చిలో బయటపడిన, ఫైళ్ళను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీ ఉదంతంలో హానికరమైన కోడ్‌ను టెస్టు డేటా ఫైళ్ళలో దాచారు. దానిని తట్టిలేపే బిల్డ్ స్క్రిప్టును మాత్రం రిపాజిటరీలో పెట్టకుండా, విడుదల కోసం చేత్తో తయారుచేసిన ప్యాకేజీలో చేర్చారు. అందరికీ కనిపించే కోడ్ ఒకటి, అందరికీ అందిన ప్యాకేజీ మరొకటి అయ్యాయి. విడుదల ప్యాకేజీ కూడా రిపాజిటరీ నుంచే, అందరూ చూడగలిగే లాగ్‌తో, యంత్రమే తయారుచేయాలని కోరడానికి ఇంతకంటె కారణం అక్కరలేదు.

ప్రభుత్వాలకు కూడా ఇందులో పాత్ర ఉంది. కేంద్రం 2022లో భాషిణి అనే భారతీయ భాషల సాంకేతిక పథకాన్ని ప్రారంభించిన తరువాత భారతీయ భాషల సాఫ్ట్‌వేర్‌కు ప్రజాధనం అందుతోంది. తెలుగు కోసం ఆ డబ్బుతో గానీ, రాష్ట్ర నిధులతో గానీ తయారయ్యే ప్రతి లైబ్రరీకి బహిరంగ టెస్టు పట్టిక ఉండాలని ఒప్పందంలోనే రాయాలి. ఫాంటు కన్వర్టర్లు, స్పెల్ చెకర్లు, ఓసీఆర్ (అచ్చు పాఠాన్ని చదివి టైపు చేసే సాఫ్ట్‌వేర్) వంటివి ఒక ప్రదర్శనలో ఆవిష్కరణ జరుపుకుని, ఆ తరువాత వచ్చే విండోస్ వెర్షన్‌లో తెరుచుకోక మూలపడటం తెలుగువారికి కొత్త కాదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం, విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం, నగరంలోని స్వయంప్రతిపత్తి కళాశాలలు తమ ప్రాజెక్టు మార్గదర్శకాలలో ఒక నిబంధన చేర్చవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. లైబ్రరీ రాసే ప్రతి బ్యాచ్ కనీసం మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు, రెండు రకాల ప్రాసెసర్ల మీద బిల్డ్, టెస్టు ఫలితాలను బహిరంగంగా చూపాలి. తెలుగు పాఠాన్ని ముట్టుకునే ప్రాజెక్టులలో పైన చెప్పిన ఐత్వం, స్త్రీ, నకారపొల్లు వంటి పరీక్షలు కూడా ఉండాలి. ఇంటర్నల్ మార్కులలో పదో వంతు దీనికి కేటాయిస్తే విద్యార్థులు తామే నేర్చుకుంటారు. మొదటి సెమిస్టరులో అధ్యాపకులకు శనివారాలు వచ్చి శిక్షణ ఇవ్వడానికి రుషికొండ, మధురవాడ కంపెనీలలో పనిచేసే మాలాంటి వాళ్ళం కొందరం సిద్ధంగా ఉన్నాం. ఏ కాలేజీ ముందుకు వచ్చినా ప్రాజెక్టు టైటిళ్ళు ఖరారు కాకముందే పిలిస్తే మంచిది, రికార్డు బైండింగుకు వెళ్ళాక చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు,
మధురవాడ, విశాఖపట్నం